మందు కలిపే చేతులు

చెల్లెమ్మా, మీ చేన్లో మందు కొట్టేదెవరని అడిగితే నువ్వు వెంటనే మీ ఆయన పేరో, కూలికి వచ్చే పిల్లోడి పేరో చెబుతావు. పంపు భుజానికి తగిలించుకునేది వాళ్ళే కదా మరి. అయితే బోరు దగ్గర్నుంచి బిందెలతో నీళ్ళు మోసిందెవరు? డ్రమ్ములో మందు పోసి కలిపిందెవరు? ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ గట్టు మీద నిలబడి ముంచి పోసిందెవరు? మర్నాడు అదే చేన్లో చెట్లకు ఒళ్ళు ఆనించి కూర్చుని కలుపు తీసిందెవరు? సాయంత్రం ఆ చొక్కా, లుంగీ ఉతికిందెవరు? అన్నీ చేసింది నువ్వే. అయినా "నేను మందు కొట్టను గదక్కా" అంటావు. ఆ మాట మీదే ఈసారి నీతో కాస్త మనసు విప్పి మాట్లాడాలని ఉంది.

పురుగుమందు విషమని మనకెవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అనంతపురం కరువు నేలలో అప్పు తీరక, పంట రాక ఆ డబ్బా ఎత్తిన వాళ్ళను ఊరూరా పోగొట్టుకున్నాం. అందుకేనేమో, విషం లోపలికి పోయే దారి నోరొక్కటే అన్న నమ్మకం మనలో గట్టిగా నాటుకుపోయింది. తాగితే చస్తాం, చేతికి అంటితే కొంగుకు తుడుచుకుంటే సరి అనుకుంటాం. కొంగుకు తుడుచుకుంటే మందు ఎక్కడికీ పోదు తల్లీ. తడిసిన కొంగు పొద్దంతా నీ నడుముకో, పొట్టకో అంటుకునే ఉంటుంది. చెయ్యి మందును పీలుస్తూనే ఉంటుంది, ఇప్పుడు పొట్ట కూడా ఆ పనిలో చేరుతుంది.

మన చర్మమంతా పరిస్తే ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. దాని పైపొర చచ్చిన కణాల పొర. మందం ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంతకంటే తక్కువే. రాళ్ళు పేర్చి సందుల్లో మట్టి మెత్తి కట్టిన గోడలా ఉంటుందది: రాళ్ళ స్థానంలో కణాలు, మట్టి స్థానంలో కొవ్వు. అందుకే గంటసేపు కుంటలో దిగినా నీళ్ళు ఒంట్లోకి పోవు. కొవ్వులో కరిగే పదార్థమైతే మాత్రం ఆ కొవ్వు సందుల్లోంచే మెల్లగా జారి కిందికి, అక్కడ్నుంచి నెత్తుటిలోకి చేరుతుంది. అణువు చిన్నదైతే దానికి ఇంకా సులువు. అణుభారం 500 దాటిన పదార్థం చర్మం దాటడం కష్టమని శాస్త్రవేత్తలు ఒక లెక్క పెట్టుకున్నారు. పురుగుమందుల్లో మోనోక్రోటోఫాస్‌ది 223. క్లోరోపైరిఫాస్‌ది 350. రెండూ ఆ గీత లోపలే ఉన్నాయి. సిగరెట్టు మానాలనుకునే వాళ్ళకు చేతి మీద అంటించే నికోటిన్ పట్టీ పనిచేసేది కూడా ఈ దారిలోనే. డాక్టర్లు నమ్మి వాడుకునే దారి ఇది. పురుగుమందుకు మాత్రం మూసుకుపోతుందా?

1970ల్లో కాలిఫోర్నియాలో మైబాక్, ఫెల్డ్‌మన్ అనే చర్మ శాస్త్రవేత్తలు మనుషుల చర్మం మీదే కొలిచి చూశారు. ముంజేతి మీద పురుగుమందు కొద్దిగా పూసి, ఒంట్లోకి ఎంత పోయిందో మూత్రంలో లెక్కగట్టారు. మోనోక్రోటోఫాస్ దాదాపు 15 శాతం లోపలికి పోయింది. మన పాతతరం గమాక్సిన్ పొడిలో పనిచేసే సరుకు లిండేన్. అది 9 శాతం పోయింది. ఒంట్లో ఏ చోట పూస్తే ఎంత పోతుందో పారాథియాన్ అనే మందుతో కొలిచారు. ముంజేతి మీద 9 శాతం లోపు. అరచేతిలో 12. చేతి వెనక 21. నెత్తి మీద 32. నుదుటి మీద 36. చంకలో 64. మగవాళ్ళ వృషణాల చర్మం మీద పూసింది దాదాపు అంతా లోపలికి పోయింది.

ఈ చివరి లెక్క చదివి సిగ్గుపడి పేజీ తిప్పొద్దు. మీ ఆయన లుంగీ ఎగగట్టి, తాను కొట్టిన మందులోనే ముందుకు నడుస్తాడు. తొడల దాకా తడుస్తుంది. మూత సరిగ్గా పట్టని పంపు కారి వీపు, నడుము, పిర్రలు నానతాయి. ఆ తడి బట్ట మీదే పొద్దు గూకేదాకా కొడతాడు. ఈ ముక్క ఆయనకు చెప్పగలిగేది నువ్వొక్కదానివే, చెల్లీ. ప్యాంటు తొడుక్కోమను, గాలి ఎటు వీస్తుందో చూసుకుని వెనక్కి నడుస్తూ కొట్టమను, పంపు కారితే ఆ రోజుకు పని ఆపేయమను.

ఇప్పుడు నీ పని సంగతి చూద్దాం. లీటరు నీళ్ళకు రెండు మిల్లీలీటర్లు కలిపే మందు అనుకో. అంటే డబ్బాలో ఉన్నది పంపులోంచి వచ్చేదానికంటే 500 రెట్లు చిక్కన. డబ్బా మూత తీసేటప్పుడు ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్లు, నీ చేతి మీద ఒలికిందంటే కలిపిన మందు రెండున్నర లీటర్లు చేతి మీద పోసుకున్నంత సరుకు పడినట్టు. పైగా డబ్బా మీద ఇ.సి. అని ఉండి, నీళ్ళలో పోయగానే పాలలా తెల్లబడే మందుల్లో నూనెలాంటి ద్రావకం ఉంటుంది. చర్మంలోని కొవ్వును కరిగించి మందుకు దారి చేసిపెడుతుందది. పంపు మోసేవాడికి తగిలేది పలచటి మందు, నీకు తగిలేది చిక్కటిది. ఇది నా ఊహ కాదు. 2003లో మన దేశంలోని మూడు పత్తి పల్లెల్లో 50 మంది ఆడవాళ్ళు తమకూ, తమ ఇంటి మగవాళ్ళకూ మందు కొట్టిన ప్రతిసారీ ఏమయిందో పరిశోధకులకు చెప్పారు. మందు కలపడం, ట్యాంకు నింపడం అనే ఆడవాళ్ళ పనులు మందు కొట్టడమంత ప్రమాదకరమైనవేనని ఆ అధ్యయనంలో తేలింది. నన్ను కుదిపేసిన సంగతి ఇంకొకటుంది. కొన్నిసార్లు నరాలు దెబ్బతినే లక్షణాలు చాలా తీవ్రంగా కనబడ్డాయి. అయినా ఒక్కరూ ఆసుపత్రికి పోలేదు.

వరంగల్ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్ళు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తాగినవాళ్ళు. చర్మం నుంచి మందు ఎక్కినవాళ్ళు ఇంట్లోనే చాప మీద పడుకుని, తెల్లారి లేచి మళ్ళీ పనికి పోయేవాళ్ళు. వాళ్ళు ఏ లెక్కలోకీ ఎక్కరు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయి, వందలమంది ఆసుపత్రుల పాలయ్యాకే, తాగకపోయినా చావు వస్తుందని దేశం మాట్లాడింది.

మన అనంతపురంలో ఈ లెక్క తప్పిపోవడానికి ఇంకో కారణం ఎండ. మధ్యాహ్నం మందు పని చేసి వస్తావు. తల తిరుగుతుంది, వాంతి వచ్చేట్టుంటుంది, ఒళ్ళంతా చెమట. ఇంట్లోవాళ్ళు ఎండదెబ్బ అంటారు, మజ్జిగ తాగించి పడుకోబెడతారు. ఎండదెబ్బే కావచ్చు కూడా. కానీ ఆర్గనోఫాస్ఫేట్ అనే జాతి మందు ఒంట్లోకి పోతే నరాలు కండరాలకు పంపే సంకేతాన్ని ఆపే ఎంజైమును అది పనిచేయనివ్వదు. సంకేతం ఆగకుండా కొడుతూనే ఉంటుంది. అందుకే చెమటతో పాటు నోట్లో నీళ్ళూరతాయి, కళ్ళు కారతాయి, చూపు మసకేస్తుంది, కడుపులో మెలిపెడుతుంది, కండలు వాటంతటవే అదురుతాయి, కంటిపాప చుక్కంత చిన్నదవుతుంది. ఎండదెబ్బకు కంటిపాప మామూలుగా ఇలా కుంచించుకుపోదు. మందు పని చేసిన రోజు ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ముందు కళ్ళలోకి చూడు, ఊపిరి ఎలా తీస్తున్నారో చూడు.

ఎండ ఇంకో పని కూడా చేస్తుంది. వేడికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమటకు పైపొర నానుతుంది. పొడి చర్మం కంటే నానిన చర్మం ఎక్కువ మందు పీలుస్తుంది. చీనీ తోటలో మిట్టమధ్యాహ్నం మందు కలపడం, పొద్దున్నే చల్లపూట కలపడం ఒకటి కాదు. పీల్చుకున్న మందంతా వెంటనే నెత్తుట్లోకి పోదు. కొంత పైపొరలోనే నిలిచి తర్వాత మెల్లగా దిగుతుంది. పొద్దున తగిలింది రాత్రికి తెలియడం అందుకే.

మన చేనుకూ వరంగల్ చేనుకూ ఉన్న పెద్ద తేడా నీళ్ళు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది, అదీ పడితేనే. మందు కలపడానికి డ్రమ్ములో నీళ్ళు తెస్తారు. ట్యాంకర్ అయినా, బండి మీదైనా, నెత్తి మీద బిందెతోనైనా లెక్కగా తెస్తారు. ఆ నీళ్ళన్నీ చెట్టుకే. కడుక్కోవడానికంటూ ఎవరూ తేరు. చేతికి ఒలికినా సరే, ఇంటికి పోయాక కడుక్కుందామనుకుంటాం. ఆ మధ్యలో ఎన్ని గంటలు గడుస్తాయో నీకే తెలుసు. చర్మం మీది మందుకు ఆ గంటలే చాలు. నా మాట విను: ఇరవై లీటర్ల క్యాను ఒకటి, సబ్బు ఒకటి మందు డబ్బాతో పాటు చేనుకు పోవాలి. ఆ నీళ్ళు వేరే పనికి ముట్టుకోకూడదు, చెట్టుకు పోయకూడదు. మందు ఖర్చు రాసుకునేటప్పుడు ఈ క్యాను నీళ్ళ ఖర్చూ అందులోనే రాయించు. ఆ నీళ్ళు తేలేని రోజు మందు పని పెట్టుకోవద్దని మీ ఇంట్లో గట్టిగా చెప్పు. కరువు సీమలో ఈ మాట అనడం ఎంత కష్టమో తెలిసే అంటున్నాను.

విత్తనం వేసే కాలంలో జరిగేది ఇంకా మెత్తగా జరుగుతుంది. వాన పదును కాగానే వేరుశనగ బుడ్డలు ఒలిచి ఒలిచి వేళ్ళు పగిలి ఉంటాయి. ఆ చేతులతోనే విత్తనాలు గోనె మీద పోసి, మాంకోజెబ్ పొడో, ఇమిడాక్లోప్రిడో, వేరుపురుగు ఉన్న చోట క్లోరోపైరిఫాసో వేసి కలియదిప్పుతాం. తర్వాత గొర్రు వెనక నడుస్తూ పొద్దంతా ఆ విత్తనమే పిడికిళ్ళతో వదులుతాం. దీన్ని మందు పని అని ఎవరూ అనరు, విత్తన శుద్ధి అంటారు. పగిలిన వేలికి గోడే లేదు కదా, ఇక అడ్డేముంటుంది? మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములోనో, గట్టి పాలిథీన్ సంచిలోనో విత్తనం, మందు వేసి మూతి కట్టి దొర్లిస్తే సరిపోతుంది, చెయ్యి పెట్టక్కర్లేదు. మిగిలిన శుద్ధి విత్తనం పిల్లలకు అందనివ్వొద్దు.

గడ్డి మందుల్లో పారాక్వాట్ ఉంది. చెక్కుచెదరని చర్మం దాన్ని పెద్దగా లోపలికి రానివ్వదు. పుండున్న, కోసుకుపోయిన, ఒరుసుకుపోయిన చర్మం మీద చిక్కటి పారాక్వాట్ పడి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. దానికి విరుగుడు లేదు. మడమలు పగిలి, వేళ్ళు కోసుకున్న మనలాంటి వాళ్ళు దాన్ని ముట్టుకోనే కూడదు.

చర్మంలోకి దిగేది మందొక్కటే కాదు. వయ్యారిభామ కలుపు నీకు బాగా తెలుసు. చేను గట్టంతా అదే. 2000లో మన జిల్లా వేరుశనగను ఎండబెట్టేసిన కాండం కుళ్ళు వైరస్‌కు ఆ మొక్క ఆశ్రయమిచ్చింది. దాని పుప్పొడితో పాటు తామరపురుగులు వైరస్‌ను చేనంతా చేర్చాయి. దాదాపు రెండుంబావు లక్షల హెక్టార్లు దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగింది. చేతులతో దాన్ని పీకిన ఆడవాళ్ళకు దద్దుర్లు, దురద, కళ్ళ చుట్టూ వాపు వస్తాయి. దాన్లోని పార్థెనిన్ అనే రసాయనం చర్మంలోకి దిగడం వల్లే అదంతా. వయ్యారిభామ కనీసం దురద పెట్టి చెబుతుంది. పురుగుమందు చాలాసార్లు ఏ మంటా, ఏ దురదా లేకుండానే దాటిపోతుంది. "ఏం కాలేదక్కా, మండను కూడా మండలేదు" అని నాతో అన్నవాళ్ళున్నారు. మండకపోవడం మంచి సూచన కాదమ్మా.

ఇక పిల్లలు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు. తలలో పేలకు గమాక్సిన్ పొడి చల్లి గుడ్డ చుట్టే అలవాటు మన పల్లెల్లో ఉండేది. పొడి దొరకని చోట మిగిలిన పురుగుమందు రాసేవాళ్ళూ ఉన్నారు. నెత్తి చర్మం ముంజేతి కంటే దాదాపు నాలుగింతలు పీలుస్తుందని ఇందాక చూశావు. గుడ్డ చుడితే ఇంకా పీలుస్తుంది. పైగా పసిబిడ్డకు ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, విషాన్ని విరిచే కాలేయం ఇంకా లేతది. 1972లో ఫ్రాన్సులో ఒక పిల్లల పౌడరులో హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశిని పొరపాటున ఎక్కువగా కలిసింది. తల్లులు పిర్రల మీద, తొడల మీద ప్రేమగా అద్దిన ఆ పౌడరుకు 36 మంది బిడ్డలు చనిపోయారు. ఒక్క బిడ్డా దాన్ని నోట్లో వేసుకోలేదు. పేలకు ఈరుపెన, సన్నటి పేల దువ్వెన ఉన్నాయి, మందుల షాపులో పెర్మెత్రిన్ లోషన్ దొరుకుతుంది. చేను మందు మాత్రం బిడ్డ తలకు పోనివ్వకు. మందు కొట్టి వచ్చిన మనిషి స్నానం చేసేదాకా బిడ్డను ఎత్తుకోకూడదు, తండ్రైనా సరే. పాలిచ్చే తల్లి, కడుపుతో ఉన్న అమ్మాయి మందు కలపడానికి పోనే కూడదు. ఆ బట్టలు ఇంటిల్లిపాదివాటితో కలిపి నానబెట్టొద్దు. విడిగా, తొడుగులు వేసుకుని ఉతికి, ఎండలో ఆరెయ్యాలి.

చేతి తొడుగులంటే ఏదో ఒక కవరు అనుకోవద్దు. 1996లో అమెరికాలో కారెన్ వెటర్‌హాన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యురాలు ప్రయోగశాలలో పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని ఆమె చేతి తొడుగు మీద పడ్డాయి. సన్నటి లేటెక్స్ తొడుగది. అది ఆపుతుందనే అనుకున్నారు. ఆపలేదు. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. మన మందులు అంతటివి కావు. కానీ ఆసుపత్రి తొడుగు, చేతికి చుట్టుకున్న క్యారీ బ్యాగు మనల్ని కాపాడవని చెప్పడానికే ఇది గుర్తుచేశాను. లోపల గుడ్డ లేని, మోచేతి దాకా వచ్చే మందపాటి నైట్రైల్ తొడుగులు అడుగు. చిరిగితే పారేయ్. విప్పేముందు తొడుగులతోనే సబ్బుతో కడుగు. చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే మందు అంటదని కొందరంటారు. నూనె గోడ కాదు, కొవ్వులో కరిగే మందుకు అది తోడవుతుంది.

ఒంటి మీద ఒలికితే ఆ క్షణమే ఆ బట్ట విప్పెయ్, సిగ్గుపడే వేళ కాదది. సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడుగు, గీరి గీరి రుద్దొద్దు, కిరోసిన్ పెట్టొద్దు. కంట్లో పడితే పావుగంట నీళ్ళు పోస్తూనే ఉండాలి. మనిషి తూలినా, వాంతి చేసుకున్నా, నురగ వచ్చినా 108కి ఫోన్ చెయ్యి. నిమ్మరసం, మజ్జిగ, చింతపండు పులుసు అంటూ ఇంట్లో ఆలస్యం చేయొద్దు. ఆర్గనోఫాస్ఫేట్ విషానికి వాడే అట్రోపిన్ డాక్టరు దగ్గర ఉంటుంది. ఏ మందో తెలిస్తేనే వైద్యం చురుగ్గా సాగుతుంది కాబట్టి డబ్బా కవర్లో వేసి వెంట తీసుకుపో. డబ్బా మీది త్రికోణం రంగు నీకూ గుర్తుండాలి. ఎరుపు అన్నిటికంటే ఘోరం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ.

మందే లేకుండా పండించేవాళ్ళు మన పక్కనే ఉన్నారు. 1990లో మొదలైన చెన్నేకొత్తపల్లి టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో చేరిన రైతులున్నారు, రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం వైపు పోయిన మహిళా సంఘాలున్నాయి. ఆ దారి నాకు ఇష్టం. కానీ ఈ ఏడు మీ చేన్లో మందు తప్పదనుకుంటే, మారేదాకా నీ చేతులు క్షేమంగా ఉండాలి కదా.

1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల్లో మందు పనిచేసేవాళ్ళకు తగిన రక్షణ దుస్తులు ఉండాలని ఉంది. పంపు మోసేవాడికే అని అందులో లేదు. ముట్టుకునే ప్రతి మనిషికీ అని ఉంది. కూలికి పోయే చోటైతే తొడుగులు, నీళ్ళు అడగడం నీ హక్కు. రైతు సేవా కేంద్రంలో మందుల మీద మీటింగ్ పెట్టినప్పుడు మగవాళ్ళను మాత్రమే పిలిచే అధికారులకు నాదొక విన్నపం: డబ్బా మూత తీసేది ఆడవాళ్ళు, వాళ్ళను కూడా పిలవండి. పిలవకపోయినా నువ్వు పో, చెల్లెమ్మా. ముందు వరసలో కూర్చుని తొడుగులు ఎక్కడ దొరుకుతాయని అందరి ముందూ అడుగు.